లెక్క తేలకముందే లారీ వస్తోంది

కోఠిలో బస్సు దిగి సుల్తాన్ బజార్ వైపు నడిస్తే అక్కడ దొరకని వస్తువంటూ ఉండదు. హెయిర్ పిన్నులు, నైటీలు, రబ్బరు చెప్పులు, స్టీలు జల్లెడలు, సీతాఫలాలు, పాత పుస్తకాలు. కొనేవాళ్లు సరుకు చూస్తారు. అమ్మేవాళ్ల కళ్లు మాత్రం రోడ్డు చివర ఉంటాయి. అక్కడ మున్సిపల్ లారీ మలుపు తిరిగితే ముందు చూసినవాళ్లు ఒక కేక వేస్తారు. నేల మీద పరిచిన టార్పాలిన్‌కు నాలుగు మూలలా తాడు ఎందుకు కట్టి ఉంటుందో అప్పుడు అర్థమవుతుంది. ఒక్క లాగుడుకు దుకాణం మూటవుతుంది. మూట భుజానికెత్తుకుని మనిషి గల్లీలోకి మాయమవుతాడు. తోపుడు బండి ఉన్నవాళ్లు అలా మాయం కాలేరు. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ అసలే కాలేదు. లారీకి ఎక్కువగా దొరికేది వాళ్లే.

పీహెచ్‌డీ పరిశోధన పని మీద కోఠి, బడీచౌడీ, ఆబిడ్స్ వీధుల్లో మేము చాలా సాయంత్రాలు గడిపాం. ఏ మాటతో మొదలుపెట్టినా సంభాషణ లారీ దగ్గరికే చేరేది. వ్యాపారులు దాన్ని వానలాగా చూస్తారు. ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే తల దాచుకోవాలి, పోయాక మళ్లీ పరుచుకోవాలి. కానీ లారీ వాన కాదు. దాని వెనక ఒక ఆఫీసు ఉంది. ఆ ఆఫీసు మీద ఒక చట్టం ఉంది. ఆ చట్టంలో ఒక వరుస ఉంది: ముందు లెక్క, తర్వాత సర్టిఫికెట్, తర్వాత ప్రణాళిక, ఆ పైన అవసరమైతేనే తరలింపు. మన నగరాల్లో ఈ వరుస తలకిందులైంది. దీనివల్ల అందరికంటే ముందు దెబ్బతినేది దళిత, ఆదివాసీ వ్యాపారులని, వాళ్లలోనూ మహిళలని మా వాదన. లెక్కలోకి ఎక్కడానికి అందరికంటే ఎక్కువ అడ్డంకులున్నది వాళ్లకే.

చట్టం చెప్పిన వరుస

వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ, వీధి వ్యాపార నియంత్రణ చట్టం 2014 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే అది తెలంగాణ రాష్ట్రం కంటే ఒక నెల పెద్దది. ఎవరో దయతలచి ఇచ్చిన చట్టం కాదు. దాని వెనక దశాబ్దాల కోర్టు పోరాటాలు, సంఘాల ఆందోళనలు ఉన్నాయి. రోడ్డు పక్కన వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం 19(1)(జి) అధికరణం కింద ప్రాథమిక హక్కేనని, దానికి సహేతుకమైన ఆంక్షలు ఉండవచ్చని 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2013 సెప్టెంబరులో మహారాష్ట్ర ఏక్తా హాకర్స్ యూనియన్ కేసులో, చట్టం వచ్చేదాకా 2009 నాటి జాతీయ విధానాన్ని దేశమంతా అమలు చేయాలని ఆదేశించింది. మరుసటి ఏడాదికి చట్టం వచ్చింది.

ఆ చట్టం మూడో సెక్షన్ చదివితే విషయం తేటగా ఉంటుంది. పట్టణ వీధి వ్యాపార కమిటీ, అంటే మన దగ్గర అందరూ టౌన్ వెండింగ్ కమిటీ అని పిలిచేది, తన పరిధిలో ఉన్న వీధి వ్యాపారులందరినీ సర్వే చేయాలి. ఐదేళ్లకు ఒకసారైనా ఆ పని జరగాలి. సర్వే పూర్తయి, అందరికీ వెండింగ్ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఏ వ్యాపారినీ తొలగించకూడదు, తరలించకూడదు. 2014 నుంచి చూస్తే ఇప్పటికి కనీసం రెండు సర్వేలు పూర్తయి ఉండాలి.

సర్వే తర్వాత కూడా తరలించాలంటే పద్ధతి ఉంది. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. గడువు దాటినా ఖాళీ చేయకపోతేనే బలవంతపు తొలగింపు, సరుకు జప్తు. జప్తు చేస్తే ఏమేం తీసుకున్నారో జాబితా రాసి వ్యాపారికి ఒక కాపీ ఇవ్వాలి. అడిగిన రోజే పండ్లు, కూరగాయల వంటి పాడైపోయే సరుకు వెనక్కి ఇవ్వాలి. మిగతా సరుకు రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఈ సెక్షన్లు చదివి వినిపిస్తే ఒక పండ్ల బండి అక్క చాలాసేపు నవ్వింది. ఆమె అనుభవంలో జాబితా అంటూ ఏదీ లేదు. సామాను వెతుక్కుంటూ తిరగడం, ఎవరినో పట్టుకోవడం, ఎంతో కొంత కట్టడం, తెచ్చుకున్నాక సగం పండ్లు పారబోయడం మాత్రమే ఉన్నాయి.

చట్టం ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. సర్వే జరిగి ప్రణాళిక తయారయ్యేదాకా ఏ ప్రాంతాన్నీ వ్యాపార నిషేధిత ప్రాంతంగా ప్రకటించకూడదు. రద్దీని కారణంగా చూపి నిషేధం పెట్టకూడదు. ఎప్పటినుంచో సహజంగా ఏర్పడిన మార్కెట్‌ను నిషేధిత ప్రాంతం చేయకూడదు. 50 ఏళ్లు దాటిన సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా గుర్తించి అక్కడివాళ్లను కదిలించకూడదు. కోఠి, సుల్తాన్ బజార్, చార్మినార్ పరిసరాలు, సికింద్రాబాద్ మోండా మార్కెట్ చుట్టుపక్కల వీధులు సహజ మార్కెట్లు కాకపోతే ఈ నగరంలో ఇంకేవి అవుతాయి? ఇక్కడికి జనం వచ్చారు కాబట్టి వ్యాపారులు వచ్చారు, వ్యాపారులున్నారు కాబట్టి జనం ఇంకా వస్తున్నారు.

మరి లారీ ఏ చట్టం కింద వస్తోంది? ఎక్కువగా పాత చట్టాల కింద. రోడ్డు మీద పెట్టిన, అమ్మకానికి పరిచిన వస్తువును నోటీసు లేకుండానే తొలగించే అధికారం 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం కమిషనర్‌కు ఇస్తోంది. ట్రాఫిక్‌కు అడ్డమని పోలీసులు పెట్టే చిన్న కేసులు వేరే. కానీ 2014 చట్టంలో 33వ సెక్షన్ ఉంది. వేరే ఏ చట్టంలో దీనికి విరుద్ధంగా ఏమున్నా ఈ చట్టమే చెల్లుతుందని అది చెబుతోంది. క్షేత్రస్థాయి సిబ్బందికి మాత్రం ఇప్పటికీ పాత చట్టమే అలవాటు. కొత్త చట్టం గురించి వాళ్లకు చెప్పాల్సిన పని పైవాళ్లది, చెప్పించాల్సిన పని మనది.

కార్డులో మనిషి ఉన్నాడు, చోటు లేదు

మాకు జీహెచ్‌ఎంసీ కార్డు ఉంది కదా అని కొందరు వ్యాపారులే అడుగుతారు. నిజమే. నగరంలో వివిధ దశల్లో వీధి వ్యాపారులను గుర్తించారు. గుర్తింపు కార్డులిచ్చారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో నిషేధిత, పరిమిత, స్వేచ్ఛా వ్యాపార ప్రాంతాలన్నారు. 2020 జూన్‌లో కేంద్రం పీఎం స్వనిధి పథకం తెచ్చాక గుర్తింపు వేగం పెరిగింది. కరోనా లాక్‌డౌన్‌లో చితికిపోయిన వ్యాపారులకు మొదట 10 వేలు, తీర్చాక 20 వేలు, ఆ తర్వాత 50 వేల రూపాయల లోను. సర్వేలో పేరు లేనివాళ్లకు మున్సిపాలిటీ సిఫారసు లేఖ ఇస్తే బ్యాంకు లోను ఇచ్చింది. 2025లో ఈ పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించి మొదటి లోను 15 వేలకు, రెండోది 25 వేలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో మొదలైన జగనన్న తోడు కూడా చిరువ్యాపారులకు 10 వేల రూపాయల వడ్డీ లేని అప్పు ఇచ్చింది.

గిరిగిరి ఫైనాన్సు వాళ్ల చేతుల్లో నలిగే మనిషికి బ్యాంకు గడప తొక్కే అవకాశం రావడం చిన్న విషయం కాదు. మేము దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ గమనించాల్సింది ఒకటుంది. ఇక్కడ ప్రభుత్వం వ్యాపారులను లెక్కపెట్టింది అప్పు తీసుకునేవాళ్లుగా. చట్టం లెక్కపెట్టమన్నది హక్కున్నవాళ్లుగా. లోను కోసం ఇచ్చిన కార్డు, సిఫారసు లేఖ నువ్వు వీధి వ్యాపారివని చెబుతాయి. ఈ చోట నువ్వు అమ్ముకోవచ్చని చెప్పేది వెండింగ్ సర్టిఫికెట్ మాత్రమే. మొదటిదాంట్లో మనిషి ఉన్నాడు, చోటు లేదు. లారీ వచ్చినప్పుడు ఆ కార్డు చూపించినా ఉపయోగం ఉండనిది అందుకే. పోలీసులు గానీ ఇంకెవరు గానీ వ్యాపారాన్ని అడ్డుకోకూడదని చెప్పే 27వ సెక్షన్ కూడా సర్టిఫికెట్ షరతుల ప్రకారం అమ్ముకునేవాళ్లకే రక్షణ ఇస్తోంది.

ఇందులో క్రూరత్వం కూడా ఉంది. స్వనిధి మొదటి లోను ఏడాదిలో నెలనెలా కిస్తీ కట్టి తీర్చాలి. బండిని లారీ ఎత్తుకుపోతే కిస్తీ ఆగదు. కిస్తీ తప్పితే రెండో లోను రాదు. ఒక ప్రభుత్వ చెయ్యి ఇచ్చిన అప్పుతో కొన్న సరుకును ఇంకో ప్రభుత్వ చెయ్యి ఎత్తుకుపోతుంది. మధ్యలో బాకీ మాత్రం ఆ మనిషి పేరు మీద మిగులుతుంది.

లెక్క పెట్టడం కష్టం కదా, ఇంత పెద్ద నగరం కదా అని అధికారులు అనొచ్చు. చట్టం అమల్లోకి వచ్చిన అదే 2014లో, ఆగస్టు 19న, తెలంగాణ ప్రభుత్వం సమగ్ర కుటుంబ సర్వేను ఒక్క రోజులో చేసింది. ఆ రోజు బస్సులు ఆగాయి, ఊళ్లకు వెళ్లి జనం పేర్లు రాయించుకున్నారు. 2024 నవంబరులో ఇంటింటి కులగణన మొదలైంది. అంటే ప్రభుత్వం తలచుకుంటే లెక్క తేలుతుంది. వీధి వ్యాపారి లెక్క తేలకపోవడానికి కారణం వేరే. లెక్క తేలితే నోటీసు ఇవ్వాలి, జాబితా రాయాలి, ఎన్నికలు పెట్టాలి. తేలనంతకాలం లారీ ఒక్కటి చాలు.

పరిమితి మాట కూడా చెప్పుకోవాలి. వార్డు, జోన్ లేదా నగర జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపించాలని చట్టం చెబుతోంది. 2011 జనగణన నాటికి జీహెచ్‌ఎంసీ పరిధి జనాభా సుమారు 67 లక్షలు. అందులో 2.5 శాతం అంటే ఒక లక్షా 67 వేల పైచిలుకు. అంతమందికి నగర ప్రణాళికలో చోటు గుర్తించడం చట్టం పెట్టిన బాధ్యత. ఫ్లైఓవర్‌కు, పార్కింగ్‌కు గీతలు గీసినట్టే వీళ్లకూ గీయాలి.

ఫుట్‌పాత్ మీద కులం

వీధి వ్యాపారం మీద వచ్చే రాతల్లో ఎక్కువ భాగం పేదరికం గురించి మాట్లాడి కులం దగ్గర ఆగిపోతాయి. పెట్టుబడి తక్కువ, ఎవరైనా పెట్టుకోవచ్చు, కష్టపడితే పైకి రావచ్చు అంటారు. కోఠిలో నాలుగు రోజులు నిలబడి చూస్తే ఆ మాట నిలవదు.

మొదటి విషయం, ఎవరు ఏం అమ్ముతున్నారు. మన నగరాల్లో మెస్సులకు, టిఫిన్ సెంటర్లకు కులం పేర్లు ఎంత సహజంగా ఉంటాయో అందరికీ తెలుసు. రెడ్డి గారి పేరు, చౌదరి గారి పేరు, బ్రాహ్మణ భోజనం అని బోర్డు. ఆ పేరే అక్కడ రుచికి, శుభ్రతకు హామీ. మాదిగ మెస్ అని, మాల టిఫిన్స్ అని బోర్డు పెట్టి సెంటర్లో నడుపుతున్నవాళ్లను మీరు ఎంతమందిని చూశారు? ఇడ్లీ బండి మీద బతికే దళిత కుటుంబాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ కులం మాట ఎత్తగానే చాలామంది నవ్వి మాట మార్చారు. గిరాకీ పోతుందన్న భయం ఆ నవ్వులో ఉంది. అంటరానితనం రాజ్యాంగంలో రద్దయి ఏడు దశాబ్దాలు దాటినా, వండిన చెయ్యి ఎవరిదో దాచుకోవాల్సిన అవసరం ఫుట్‌పాత్ మీద ఇంకా ఉంది.

రెండో విషయం, ఎవరు లెక్కలోకి ఎక్కుతున్నారు. గోడ పక్కన గొడుగు కింద ఇనుప దిమ్మె, ఆరె, మైనం దారం పెట్టుకుని చెప్పులు కుట్టే పెద్దమనిషిని తీసుకోండి. ఆయన ఏమీ అమ్మడు. కాబట్టి ఆయన వీధి వ్యాపారి కాదని చాలామంది అనుకుంటారు, ఆయన కూడా అలాగే అనుకుంటాడు. చట్టం అలా అనదు. సరుకు అమ్మేవాళ్లతో పాటు జనానికి సేవలందించేవాళ్లూ వీధి వ్యాపారులేనని నిర్వచనంలోనే ఉంది. తలకు గంప ఎత్తుకుని తిరుగుతూ అమ్మేవాళ్లూ అందులోకే వస్తారు. చీపుర్లు, బుట్టలు అమ్మే ఎరుకల మహిళ, పొద్దున రెండు గంటలు ఆకుకూరలు అమ్మి పదింటికల్లా ఇళ్లల్లో పనికి వెళ్లే దళిత మహిళ, చీకటి పడ్డాక వేరుశనగలు వేయించే ముసలాయన, అందరూ వస్తారు. కానీ సర్వే చేసేవాళ్లు పగలు పదకొండుకు వస్తే వీళ్లలో సగం మంది కనపడరు. బండి ఉన్నవాడు కనపడతాడు, డబ్బా ఉన్నవాడు ఇంకా బాగా కనపడతాడు. ఎంత తక్కువ ఆస్తి ఉంటే అంత తక్కువ కనపడటం, ఎంత తక్కువ కనపడితే అంత తేలిగ్గా తొలగించగలగడం, ఇదే ఇక్కడ జరిగేది.

మూడో విషయం, అడ్డా ఎవరిది. రోడ్డు ప్రభుత్వానిదే గానీ ఫుట్‌పాత్ మీద ప్రతి ఆరడుగులకూ ఒక పెద్దమనిషి ఉంటాడు. వెనక దుకాణం యజమాని తన ముందు కూర్చున్నందుకు రోజు బాడుగ తీసుకుంటాడు. ఇంకెవరో మామూలు వసూలు చేస్తారు. మంచి చోటు దొరకాలంటే పరిచయం కావాలి, ఆ పరిచయం కులం, బంధుత్వం, ఊరు దారుల్లో నడుస్తుంది. సర్టిఫికెట్ లేని వ్యవస్థలో ఈ పెద్దమనిషే సర్టిఫికెట్. చట్టం అమలైతే దెబ్బ తగిలేది ఇలాంటి వసూళ్లకు కూడా. అమలు ఎందుకు నిదానంగా ఉందో అర్థం చేసుకోవడానికి ఇదొక దారి.

చట్టంలో మనకు పనికొచ్చే తలుపులు రెండున్నాయి. ఒకటి, టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులు ఎన్నుకున్న వీధి వ్యాపారులే అయి ఉండాలి. వాళ్లలో మూడోవంతు మహిళలు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీలు, వికలాంగులకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. రెండు, సర్టిఫికెట్లు ఇవ్వడంలో ఈ వర్గాలకు ప్రాధాన్యం ఇవ్వవచ్చు. ఇక్కడ పదాలు జాగ్రత్తగా చూడాలి. ఎన్ని సీట్లో చెప్పకుండా తగిన ప్రాతినిధ్యం అన్నారు. ప్రాధాన్యం ఇవ్వాలి అనకుండా ఇవ్వవచ్చు అన్నారు. దాన్ని ఇవ్వాలిగా మార్చే అధికారం రాష్ట్రం చేసే రూల్స్‌కు, స్కీముకు ఉంది. దళిత సంఘాలు ఉద్యోగాల్లో రోస్టర్ పాయింటు దగ్గర చూపించే పట్టుదలలో పదో వంతు ఈ ఒక్క పదం మీద చూపించినా చాలా మారుతుంది. ఉద్యోగం రాని మన పిల్లల్లో, ఇంట్లో అమ్మల్లో ఎంతమంది బతుకు ఈ ఫుట్‌పాత్ మీద ఉందో ఒకసారి ఆలోచించాలి.

రోడ్డు ఎవరిది

రోడ్డు అన్న పదం రాజ్యాంగంలో ఎక్కడుందో మనలో కొందరికి గుర్తుండకపోవచ్చు. 15(2) అధికరణంలో ఉంది. బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్ల వాడకంలో కూడా కులం కారణంగా ఎవరినీ అడ్డుకోకూడదని అక్కడ రాశారు. రోడ్డు మీద నడవడానికే అనుమతి అడగాల్సిన మనుషుల చరిత్ర ఆ ఒక్క పదం వెనక ఉంది. కోఠికి ఆనుకుని ఉన్న ఇసామియా బజార్‌లోనే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో భాగ్యరెడ్డి వర్మ అంటరాని పిల్లలకు బడి పెట్టారు. ఈ పేటలో దళితుల ఉనికి నిన్న మొన్నటిది కాదు.

ఇవాళ రోడ్డు మీద ఎవరు అడ్డం అన్న ప్రశ్నను కొలతతో చూద్దాం. నిలిపిన ఒక కారు ఆక్రమించే చోట రెండు తోపుడు బండ్లు పడతాయి. ఆ కారు ఒక కుటుంబానికి సౌకర్యం. ఆ రెండు బండ్లు రెండు కుటుంబాలకు కూడు. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 2022 అక్టోబరులో ఆపరేషన్ రోప్ మొదలుపెట్టారు. అడ్డంగా పెట్టిన వాహనాలు, ఆక్రమణలు రెండింటినీ తొలగించడం దాని ఉద్దేశం. రెంటినీ ఒకే గాటన కట్టడంలో పైకి సమానత్వం కనిపిస్తుంది. కారుకు చలానా పడితే యజమాని ఫోన్‌లో కట్టేస్తాడు. తీసుకెళ్లినా జరిమానా కట్టి తెచ్చుకుంటాడు, కారులో ఏదీ కుళ్లిపోదు. బండి పోతే ఆ రోజు సరుకు, రేపటి పెట్టుబడి, ఎల్లుండి కిస్తీ కలిసి పోతాయి. శిక్ష ఒకటేలా కనిపిస్తుంది గానీ బరువు ఒకటి కాదు.

దయ చాలదు

2024 జనవరి చివర్లో మాదాపూర్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. సోషల్ మీడియా వీడియోలతో పేరొచ్చిన ఒక మహిళ నడిపే భోజనాల బండిని, జనం ఎక్కువై ట్రాఫిక్ ఆగుతోందని పోలీసులు ఆపించారు. రాష్ట్రమంతా చర్చ అయింది. ముఖ్యమంత్రి జోక్యంతో ఆ బండి పాత చోటనే కొనసాగింది. ఆమెకు న్యాయం జరగడం సంతోషమే. ఎవరూ కాదనరు.

కానీ ఆ మొత్తం వ్యవహారంలో వినపడని మాట 2014 చట్టం. ఆమెకు నోటీసు ఇచ్చారా, టౌన్ వెండింగ్ కమిటీ ఏమంది, ఆ చోటు ఏ జోన్‌లో ఉంది అన్న ప్రశ్నల చుట్టూ చర్చ నడవలేదు. వీడియోలు, అభిమానులు, రాజకీయ పార్టీల మాటల చుట్టూ నడిచింది. కెమెరా వెళ్లిన బండికి ముఖ్యమంత్రి దొరికారు. కెమెరా వెళ్లని వేల బండ్లకు లారీయే దొరుకుతుంది. పైవాళ్ల దయ మీద నిలిచిన చోటు పైవాళ్లు మారితే పోతుంది. అంబేడ్కర్ ఆలోచనతో పెరిగిన మనకు దయకూ హక్కుకూ తేడా ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

నడిచేవాళ్ల మాట

మేము వ్యాపారుల పక్షాన రాస్తున్నాం గానీ నడిచేవాళ్ల ఇబ్బందిని కొట్టిపారేయడం లేదు. కోఠి ఫుట్‌పాత్ మీద చక్రాల కుర్చీ కదలదు. చంటిబిడ్డనెత్తుకున్న తల్లి రోడ్డు మీదికి దిగి బస్సుల మధ్య నడవాలి. ఆమె కూడా మన మనిషే. అయితే ఆ ఫుట్‌పాత్‌ను తినేసింది బండి ఒక్కటేనా? దుకాణాల మెట్లు, బయటికి పరిచిన బొమ్మలు, జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, వరసగా నిలిపిన స్కూటర్లు కూడా ఉన్నాయి. వీటిలో లారీ ఎక్కేది బండి మాత్రమే. అడ్డం తీసేయడమే ఉద్దేశమైతే అన్ని అడ్డాలకూ ఒకే కొలత ఉండాలి.

పంచుకునే పద్ధతి మనకు తెలియనిది కాదు. ఆబిడ్స్‌కు ఆదివారం వెళ్లిన ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆ రోజు దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. పోటీ పరీక్షల గైడ్ల నుంచి తెలుగు నవలల దాకా అక్కడే దొరుకుతాయి. కొత్త పుస్తకం కొనలేని మొదటి తరం చదువరుల లైబ్రరీ అది. ఒకే చోటును ఆరు రోజులు ఒకరు, ఏడో రోజు ఇంకొకరు వాడుకుంటున్నారు. సమయాన్ని పంచుకుని వ్యాపారం చేసే ఈ పద్ధతికి 2014 చట్టంలోనూ చోటుంది. ఢిల్లీ దరియాగంజ్‌లో ఇలాంటి ఆదివారం పుస్తకాల బజారే 2019లో కోర్టు ఆదేశంతో ఫుట్‌పాత్ మీంచి లేచిపోయి, వేరే ఆవరణలోకి మారాల్సి వచ్చింది. ఆబిడ్స్‌ను సహజ మార్కెట్‌గా రాతపూర్వకంగా గుర్తించకపోతే రేపు అక్కడ ఏం జరుగుతుందన్నది ఎవరో ఒకరి దయ మీదే ఉంటుంది.

చట్టానికీ లోపాలున్నాయి. కమిటీలో వ్యాపారులు 40 శాతమే, అధ్యక్షుడు మున్సిపల్ కమిషనరే. శాశ్వత హక్కు ఇవ్వడం లేదని చట్టమే చెప్పుకుంది. 2.5 శాతం పరిమితి దాటినవాళ్లను వేరే జోన్‌కు సర్దవచ్చు. వీటి మీద పోరాడాల్సింది ఉంది. కానీ ఉన్న చట్టమైనా పూర్తిగా అమలు కాకముందే దాన్ని వదిలేసుకోవడం తెలివైన పని కాదు.

ఏం అడగాలి, ఎలా అడగాలి

ఈ వ్యాసం చదివే విద్యార్థులు, కార్యకర్తలు తమ పేటలో వెంటనే చేయగల పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది సమాచార హక్కు దరఖాస్తు. మీ సర్కిల్‌లో టౌన్ వెండింగ్ కమిటీ ఉందా, వ్యాపార ప్రతినిధుల ఎన్నిక ఎప్పుడు జరిగింది, సభ్యుల్లో ఎస్సీ, ఎస్టీ, మహిళలు ఎంతమంది, చివరి సర్వే ఎప్పుడు పూర్తయింది, ఎన్ని వెండింగ్ సర్టిఫికెట్లు ఇచ్చారు, గత ఏడాది జప్తుల జాబితాలు ఎక్కడ అని అడగండి. 10 రూపాయల ఫీజు. 30 రోజుల్లో జవాబు రావాలి. జవాబు రాకపోయినా, లేదు అని వచ్చినా రెండూ కోర్టులో పనికొచ్చే కాగితాలే.

రెండోది కాగితాలు దాచిపెట్టడం. పాత తైబజారీ రసీదు, స్వనిధి సిఫారసు లేఖ, బండి పక్కన నిలబడి తీసుకున్న ఫొటో, చివరికి జరిమానా చలానా కూడా దాచాలి. ఫలానా తేదీన ఫలానా వీధిలో ఈ మనిషి వ్యాపారం చేస్తున్నాడని చలానా మీద అధికారే సంతకం పెట్టి ఇచ్చాడు. వెళ్లగొట్టడానికి రాసిన ఆ కాగితమే అక్కడ ఉన్నామనడానికి సాక్ష్యం.

మూడోది జప్తు జరిగినప్పుడు జాబితా అడగడం. గొడవ అక్కర్లేదు. 19వ సెక్షన్ ప్రకారం సామాను జాబితా ఇవ్వండి సార్ అని నలుగురు నిలబడి అడిగితే చాలు, ఫోన్‌లో రికార్డు చేస్తే ఇంకా మంచిది. ఒంటరి వ్యాపారి అడగలేని మాటను అక్కడ నిలబడిన విద్యార్థి అడగగలడు.

నాలుగోది ఫిర్యాదుల కమిటీ. జడ్జిగా లేదా మేజిస్ట్రేట్‌గా పనిచేసిన వ్యక్తి అధ్యక్షతన, ప్రభుత్వ ఉద్యోగులు లేకుండా అది ఏర్పడాలని చట్టం చెబుతోంది. మీ నగరంలో అది ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే అదే మొదటి డిమాండు.

ఐదోది మన సొంత లెక్క. సర్వే వాళ్ల కోసం చూడకుండా ఒక వీధిని తీసుకుని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా లెక్కపెట్టండి. చెప్పులు కుట్టేవాళ్లను, గంప తలకెత్తుకున్నవాళ్లను, పొద్దున రెండు గంటలు మాత్రమే కూర్చునే అమ్మలను వదలకండి. కులం చెప్పడానికి ఇష్టపడనివాళ్లను బలవంతపెట్టకండి. చెప్పినవాళ్ల పేర్లు బయటపెట్టకండి. ప్రభుత్వ జాబితా బయటికొచ్చిన రోజు, మన జాబితా పక్కన పెట్టి ఎవరు తప్పిపోయారో చూపించడానికి అది పనికొస్తుంది. దళిత, ఆదివాసీ, ముస్లిం, బీసీ వ్యాపారులు ఒకే ఫుట్‌పాత్ మీద పక్కపక్కన కూర్చుంటారు. ఈ లెక్క వాళ్లందరినీ ఒక సంఘంగా కూర్చోబెట్టే పని కూడా చేస్తుంది.

కోఠిలో టార్పాలిన్‌కు కట్టిన ఆ నాలుగు తాళ్లు చూసి మొదట్లో మేము వ్యాపారుల తెలివికి ముచ్చటపడ్డాం. తర్వాత అర్థమైంది, పన్నెండేళ్ల క్రితం చట్టం ఇచ్చిన రక్షణ చేతికి అందని మనుషులు తమకు తాము చేసుకున్న రక్షణ అది. ఈసారి అటు వెళ్లినప్పుడు బేరం చేసే ముందు ఆ అక్కనో, ఆ అన్ననో ఒక మాట అడగండి, సర్టిఫికెట్ ఇచ్చారా అని. లేదంటే మన పని అక్కడ మొదలవుతుంది.